సదరం ధ్రువపత్రం (బాలలు)

సదరం అనేది వికలాంగుల వైకల్య శాతాన్ని వైద్యులచేత నిర్ధారింపజేసి, కంప్యూటరులో నమోదు చేసి, ధ్రువపత్రం జారీ చేయుటకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010 ప్రాంతంలో రూపొందిన విధానం. సాఫ్ట్‌వేర్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ డిజేబుల్డ్ ఫర్ యాక్సెస్, రిహాబిలిటేషన్ అండ్ ఎంపవర్‌మెంట్ అనే పొడవాటి పేరులోని అక్షరాలతో ఈ పదం ఏర్పడింది. జనం వాడుకలో పరీక్ష జరిగే రోజు "సదరం క్యాంపు", చేతికొచ్చే కాగితం "సదరం సర్టిఫికెట్". వైకల్యం గల బాలలకు పింఛను, ఆరోగ్య బీమా వంటి సదుపాయాలు పొందుటకు వైకల్య ధ్రువపత్రమే తొలి మెట్టు.

చట్టపరమైన నేపథ్యం

1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను మాత్రమే గుర్తించింది. దాని స్థానంలో వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం (2017 ఏప్రిల్ 19 నుండి అమలు) ఈ సంఖ్యను 21కి పెంచింది. ఆటిజం, తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధి, కండరాల క్షీణత, నిర్దిష్ట అభ్యసన వైకల్యం మొదలైనవి కొత్తగా చేరాయి. ఇవి ఎక్కువగా బాల్యంలోనే బయటపడేవి కనుక ఈ మార్పువలన అధికంగా లబ్ధి పొందినది పిల్లలే. చాలా సదుపాయాలకు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. 2021 జూన్ నుండి ధ్రువపత్రాల జారీని కేంద్ర ప్రభుత్వ యూడీఐడీ (స్వావలంబన్) పోర్టల్ ద్వారా జరపడం దేశమంతటా తప్పనిసరి అయింది.

వైకల్య నిర్ధారణ

పుట్టుకతో వచ్చిన లోపాలను, ఎదుగుదలలో జాప్యాన్ని ముందే కనిపెట్టుటకు 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. ఈ బృందాలు అంగన్‌వాడీలలోను, ప్రభుత్వ పాఠశాలలలోను 18 ఏళ్ళలోపు పిల్లలను పరీక్షించి, అవసరమైనవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు పంపుతాయి. అయితే అక్కడి వైద్యుడు రాసిన చీటీ వైకల్య ధ్రువపత్రం కాదు. దానికి వేరుగా స్లాటు తీసుకొని, నిర్దేశిత ప్రభుత్వ ఆసుపత్రికి బిడ్డను తీసుకువెళ్ళాలి. ఆంధ్రప్రదేశ్‌లో మీసేవా కేంద్రాలలోను, 2019 తరువాత గ్రామ, వార్డు సచివాలయాలలోను ఈ స్లాట్లు ఇస్తూ వచ్చారు. బిడ్డకు ఆధార్ ఉండాలి. అయిదేళ్ళలోపు పిల్లల ఆధార్‌కు వేలిముద్రలు తీసుకోరు. 5, 15 ఏళ్ళ వయసులో వాటిని చేర్పించాలి.

బిడ్డకు రెండు వైకల్యాలుంటే శాతాలను నేరుగా కూడరు. పెద్ద శాతాన్ని 90 నుండి తీసివేసి, మిగిలినదానిని చిన్న శాతంతో గుణించి, 90చే భాగించి, వచ్చినదానిని పెద్ద శాతానికి కలుపుతారు. ఉదాహరణకు కాలి వైకల్యం 30 శాతం, వినికిడి లోపం 20 శాతం ఉన్న బిడ్డకు మొత్తం 50 కాదు, సుమారు 43. విడివిడిగా చూస్తే రెండూ 40 లోపే. కలిపితే అర్హత వస్తుంది. కనుక రెండు విభాగాల వైద్యులూ పరీక్షించారో లేదో తల్లిదండ్రులు చూసుకొనడం అవసరం.

మేధో వైకల్యం విషయంలో వయసు ముఖ్యం. 2018లో కేంద్రం ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం ఏడాది నిండని శిశువుకు ఈ ధ్రువపత్రం ఇవ్వరు. ఏడాది నుండి అయిదేళ్ళ వరకు "సమగ్ర ఎదుగుదల జాప్యం" అని రాసి తాత్కాలిక పత్రం ఇస్తారు. తరువాత 5, 10, 18 ఏళ్ళకు దానిని పునరుద్ధరించాలి. 18 ఏళ్ళకు ఇచ్చేది జీవితాంతం చెల్లుతుంది. పేరు తాత్కాలికమే అయినా సదుపాయాలు ఆ తేదీతోనే ముడిపడి ఉంటాయి కనుక, గడువుకు కొన్ని నెలల ముందే స్లాటు కోసం ప్రయత్నించడం మేలు. నిర్ధారణతో ఏకీభవించనివారు చట్టంలోని 59వ సెక్షను కింద అప్పీలు చేసుకోవచ్చు. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దివ్యాంగ పింఛనుదారులను తిరిగి పరీక్షింపజేసి, శాతం తగ్గినట్లు తేలినవారికి నోటీసులు ఇచ్చినపుడు ఎందరో అప్పీలుకు వెళ్ళారు.

పింఛను

కేంద్ర ప్రభుత్వపు ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను 2009లో ప్రారంభమైంది. 18 ఏళ్ళు నిండి, 80 శాతం వైకల్యం ఉన్న పేదలకే అది వర్తిస్తుంది. బాలలకు అందులో చోటు లేదు. ఆ లోటును తీర్చినవి రాష్ట్ర పథకాలే. ఆంధ్రప్రదేశ్‌లో పేద కుటుంబాలలోని వికలాంగులకు, 40 శాతం వైకల్యం ఉంటే, వయసుతో నిమిత్తం లేకుండా పింఛను ఇస్తారు. 2024లో ఎన్టీఆర్ భరోసా పేరిట ఈ మొత్తాన్ని నెలకు 3,000 నుండి 6,000 రూపాయలకు, పూర్తి వైకల్యంతో మంచానికే పరిమితమైనవారికి 15,000 రూపాయలకు పెంచారు. తెలంగాణలో 2014లో 1,500 రూపాయలతో మొదలైన ఆసరా వికలాంగ పింఛను 2023లో 4,016 రూపాయలైంది.

ఆరోగ్య రక్షణ

2007లో మూడు జిల్లాలలో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సలకు ఉద్దేశించినది. చెవిటి పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్స ఇందులో పేరొందినది. ఆంధ్రప్రదేశ్‌లో దీనిని 2024 నుండి ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. 2023 డిసెంబరులో చికిత్స పరిమితిని ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు, తెలంగాణ 10 లక్షలకు పెంచాయి.

కాని మస్తిష్క పక్షవాతం, ఆటిజం ఉన్న బిడ్డకు ప్రతి వారం కావలసినది ఫిజియోథెరపీ, మాటల శిక్షణ. ఈ ఖర్చును కొంతవరకు భరించేది నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా. 1999 చట్టం ప్రకారం ఏర్పడిన ఈ ట్రస్టు పరిధిలోనికి ఆటిజం, మస్తిష్క పక్షవాతం, మేధో వైకల్యం, బహుళ వైకల్యం మాత్రమే వస్తాయి. కేవలం అంధత్వం లేక చెవుడు ఉన్నవారు అర్హులు కారు. ఏడాదికి లక్ష రూపాయల వరకు రక్షణ ఉంటుంది. చేరే ముందు వైద్య పరీక్ష ఉండదు, అంతకుముందే ఉన్న జబ్బులను మినహాయించరు. చేరిక రుసుము దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి 250, ఇతరులకు 500 రూపాయలు. మొదట డబ్బు చెల్లించి, బిల్లులు సమర్పించి తిరిగి పొందవలసి ఉంటుంది. పాలసీ సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది, ఏటా పునరుద్ధరించుకోవాలి.