మారిషస్ దీవిలో అంగడియు, అచటి తిండియు

2023వ సంవత్సరము జూలై 20వ తేదీన కేంద్రప్రభుత్వమువారు బాస్మతి గాని తెల్లబియ్యమును విదేశములకు పంపుటను నిషేధించిరి. దేశములో బియ్యపు ధర పెరుగకుండుటకై చేసిన పని యిది. అయితే మన బియ్యముపై నాధారపడిన చిన్న దేశములు కొన్ని దీనివలన చిక్కున బడినవి. అందుచేత అదే సంవత్సరము ఆగష్టు నెల కడపట మూడు దేశములకు మినహాయింపు నొసగిరి: భూటానునకు 79,000 టన్నులు, సింగపూరునకు 50,000 టన్నులు, మారిషస్ దీవికి 14,000 టన్నులు. ఈ బియ్యమును పంపు భారము ప్రైవేటు వర్తకుల కీయక, నేషనల్ కోఆపరేటివ్ ఎక్స్‌పోర్ట్స్ లిమిటెడ్ అను సహకార సంస్థకు ఒప్పగించిరి. సహకార సంఘ సభ్యులమగు మనకు ఇది పరాయి వార్త కాదు. ఆ పదునాలుగువేల టన్నులను తినువారెవరు, వారు వెచ్చము లెట్లు తెచ్చుకొందురు, అన్నములో నేమి కలుపుకొందురు అను సంగతులు అమ్మువాడు తెలిసికొనదగినవి. పైగా, ఆ తినువారిలో మనవారును గలరు.

మారిషస్ హిందూమహాసముద్రములో, మడగాస్కరునకు తూర్పుగా నున్న చిన్న దీవి. ఆ దేశపు మొత్తము వైశాల్యము సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు. ఇప్పటి మన విజయనగరము జిల్లాలో సగమునకు సరిపోవును. జనసంఖ్య పన్నెండు లక్షలకు పైచిలుకు. 1834 మొదలు 1910 వరకు, చెరకుతోటలలో పని చేయుటకై, ఒప్పందపు కూలీలుగా భారతదేశమునుండి అచటికి పోయినవారు నాలుగున్నర లక్షల మందికి తక్కువ లేరు. అందు గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలముల తెలుగువారు వేలకొలది గలరు. కోరంగి రేవున ఓడ యెక్కినందున వారికి కొరింగీలని పేరు వచ్చెను. నేటికిని అచటి తెలుగు కుటుంబములవారు ఉగాదిని సెలవుదినముగా జరుపుకొందురు. అమ్మోరు పండుగ చేయుదురు. సింహాద్రి అప్పన్నకు పూజ సలుపుదురు. కొత్తవలస స్టేషనులో బండి యెక్కిన కొలది సేపటికే సింహాచలము చేరు మనకు, సముద్రము దాటి పోయిన ఆ అప్పన్న యెవరి యిలవేల్పో వేరుగ చెప్పనక్కరలేదు.

ఒప్పందపు కాగితములలో కూలికి జీతముతోపాటు తిండిగింజలును వ్రాయబడి యుండెను. దినమునకు రెండు పౌనుల బియ్యము, అర పౌను పప్పు, కొంచెము ఉప్పు, నూనె, చింతపండు. ఈ లెక్క వినుటకు స్వల్పముగా దోచును గాని, చోడి అంబలితో వేసవి గడుపుచు, వరియన్నమును పండుగనాటికి దాచుకొను మెట్టప్రాంతపు కూలివానికి, 1866 నాటి గంజాము క్షామమువంటి కాలములలో, ప్రతిదినము రెండు పౌనుల బియ్యమన్న మాట యెంత ఆశ గొలిపియుండునో మన పెద్దల నడిగిన తెలియును. ఆశకు వెనుక ఉరియు నుండెను. ఒకనాడు పనికి రానియెడల రెండునాళ్ల కూలి కోసెడి నిబంధన యుండెను. దానిని డబుల్ కట్ అనిరి. జ్వరము వచ్చి పడుకొన్నవానికి నెల కడపట చేతికి వచ్చునది మిక్కిలి తక్కువ. తినుటకు మాత్రము ప్రతిదినము కావలెను గదా. అట్లు మొదలయ్యెను అరువు.

ఆ అరువు కాలక్రమమున చీనావారి కొట్టునకు చేరెను. చీనాదేశమునుండి వచ్చిన వర్తకులు దీవియందలి ప్రతి పల్లెలోను ఒక చిల్లర దుకాణము పెట్టిరి. బియ్యము, పప్పు, నూనె, ఉప్పుచేప, కిరసనాయిలు అన్నియు నచటనే దొరకెడివి. దుకాణదారునియొద్ద నొక చిన్న పుస్తకము, కొనువానియొద్ద నొక చిన్న పుస్తకము. రెంటిలోను ఒకే పద్దు. దీనిని కార్నే అందురు. చెరకు కోత జీతము వచ్చినపుడు బాకీ తీర్చుట, తిరిగి మరునాటినుండి వ్రాయించుట. చదువురాని వానికి రెండవ పుస్తక మెందుకను వారుందురు. అది యున్నంత మాత్రమున ప్రక్కయింటివానిచే చదివించుకొను వీలు కలుగును. మన గ్రామములలో శెట్టిగారి పద్దు శెట్టిగారివద్దనే యుండిన కాలము మనమెరుగనిది కాదు. ఈ విషయమున కార్నే మన పద్ధతికంటె మేలైనదని నా యభిప్రాయము. ఇప్పుడు పెద్ద సూపర్ మార్కెట్లు వచ్చి ఆ కొట్లు తగ్గిపోయినవి.

ఇక సంతలోనికి పోవుదము. రాజధానియగు పోర్టులూయిస్ పట్టణమున సెంట్రల్ మార్కెట్టు గలదు. ఫ్లాక్ అను ఊరిలో ఆదివారము జరుగు సంత మిక్కిలి పెద్దది. ఏ దేశమునుండి వచ్చినవాడైనను కొత్తవాడే గాని, మన రైతు సంచి పట్టుకొని యిందు ప్రవేశించెనేని కన్నులకు కొత్త యేమియు కానరాదు. బీర, పొట్ల, కాకర, సొర, గుమ్మడి, బెండ, వంకాయ, చేమదుంప, కర్రపెండలము, మునగాకు కుప్పలు కుప్పలుగా నుండును. చెవులకు మాత్ర మన్నియు కొత్తవే. అచటివారు మాటలాడునది ఫ్రెంచి మూలమైన క్రియోలు భాష. బెండకాయ లాలో, కాకర మార్గోజ్, పొట్ల పతోల్, సొర కాల్బాస్, గుమ్మడి జిరోమోన్, టమేటా పోమ్‌దామూర్. బీరకాయ పిపంగాయ్. ఈ చివరి మాటలో మన 'కాయ' వినబడుచున్నది గదా. అయితే గర్వపడుటకు మనకు హక్కు కొంచెమే, ఏలయన ఆ పేరు తమిళుల 'పీర్కంగాయ్' నుండి వచ్చినది. వారు ఫ్రెంచివారి కాలముననే, అనగా మనకు చాల ముందుగనే, పుదుచ్చేరినుండి అచటికి చేరిరి. కొత్తిమీరను కోతోమీలి యందురు, కరివేపాకును కారిపూలే యందురు. ఆకుకూర యేదైనను బ్రేద్. మునగాకు బ్రేద్ మురుమ్. చేమ ఆకు బ్రేద్ సోంజ్. గుమ్మడి తీగ కొసలను సైతము కట్టలు గట్టి అమ్ముదురు. మనలో చాలమంది వానిని పశువులకు వేసెదము.

కొనువాడు రెండుచోట్ల మోసపోవ వచ్చును. మొదటిది, సఫ్రాన్ అని యడిగిన పసుపు నిత్తురు. మన కుంకుమపువ్వు కాదు. ధర చవుకగా నున్నదని సంతసించి కొన్నవాడు ఇంటికి పోయి పొట్లము విప్పినపుడు సంగతి తెలియును. రెండవది తూకము. అచట కాయగూరల ధర తరచుగా కిలోకు గాక లీవ్ర్ అనబడు అరకిలోకు చెప్పుదురు. కొన్ని కాయలకు దానిలోను సగమునకు చెప్పుదురు. నాణెముకూడ రూపాయియే యగుటచేత, చెవిని బడిన అంకెను మన సంతలోని కిలో ధరతో పోల్చి, అబ్బా యెంత చవుక యనుకొనుట సులభము. తూకమెంతయో, ఆ రూపాయికి మన రూపాయలెన్నియో రెండును తెలిసికొని గాని బేరమాడరాదు.

వంటల సంగతి. నిత్యము తినునది అన్నము, పప్పు, పలుచని ఆకుకూర చారు, టమేటాతో చేసిన రుగాయ్ అను కూర. ఆ రుగాయ్‌లో ఉప్పుచేప వేసినచో మన ఎండుచేపల పులుసు తిన్నవానికి దూరమనిపించదు. పచ్చడిని సాతిని యందురు. ఆవపిండి, పసుపు పట్టించిన చేపలతో చేయు విందాయ్ మన ఆవకాయకు దూరపు చుట్టము. వీధులలో బండ్లమీద అమ్మునది దాల్ పూరీ. పసుపుపచ్చని బఠానీపప్పు ఉడికించి, పొడిచేసి, పలుచని రొట్టెలో కూరి కాల్చుదురు. రెండేసి చొప్పున, చిక్కుడుగింజల కూరతో కాగితములో చుట్టి యిత్తురు. ఇది ఉత్తరదేశపు భోజపురీవారు తెచ్చినది. పప్పు నానబెట్టి రుబ్బి, పచ్చిమిర్చి, కొత్తిమీర కలిపి నూనెలో వేయించిన చిన్న వడను గాతో పిమాన్ అందురు. దానిని ఫ్రెంచివారి రొట్టెను చీల్చి మధ్య పెట్టుకొని తిందురు. వడను రొట్టెలో పెట్టుటయా యని మనవారు నవ్వవచ్చును. ఉదయము పనికి పోవువానికి అంతకంటె కడుపునిండునది దొరకదు. పోర్టులూయిస్ అంగడిలో పాలు, సబ్జాగింజలు కలిపి అలూదా యను చల్లని పానీయ మమ్ముదురు. అనాసకాయను చింతపండు, కారము, ఉప్పులతో కలిపి బాటప్రక్కల విక్రయింతురు. పండుగలకు తమిళ, తెలుగు కుటుంబములలో అరిటాకులో ఏడు కూరలతో భోజనము పెట్టు వాడుక గలదు.

ఇన్ని కాయగూరలు పండు దేశమున బియ్యమెందులకు పండదని రైతునకు సందేహము తోచును. సాగుభూమిలో పెద్దభాగము నేటికిని చెరకే ఆక్రమించియున్నది. మిగిలిన నేల అగ్నిపర్వతపు రాళ్లతో నిండినది; పొలములో రాళ్లనేరి గుట్టలుగా పోసిన గుర్తులు దీవియందంతట కనబడును. అందువలన చిన్న రైతులు చెరకు వరుసల నడుమ, మొక్క చిన్నదిగా నున్నపుడు, బంగాళాదుంప వేయుదురు. చెరకు పొలములు గల మన చోడవరము, బొబ్బిలి ప్రాంతములవారు గమనింపదగిన పద్ధతి యిది. బంగాళాదుంప, ఉల్లి, వెల్లుల్లి వంటి పంటల విషయమున ప్రభుత్వపు మార్కెటింగు బోర్డు విత్తనములు సరఫరా చేయుట, దిగుమతి చేయుట, నిలువ చేయుట చూచుకొనుచున్నది. అయినను తుపాను వీచిన వారమున కూరగాయల ధర ఆకాశమంటును. తుపాను మాట మనకు వేరుగ వర్ణింపనక్కరలేదు.

దీవివారు తినుదానిలో దాదాపు నాలుగింట మూడుపాళ్లు ఓడలమీద వచ్చునది. బియ్యము, గోధుమ, పాలపొడి, పప్పు, వంటనూనెకు పనికివచ్చు గింజలు, అన్నియు పైదేశములవే. దీని యపాయము వారికి 1942లో తెలిసివచ్చెను. అంతకుముందు బర్మానుండి బియ్యము వచ్చుచుండెను. జపానువారు బర్మాను పట్టుకొనగానే ఆ దారి మూతపడెను. రంగూను మిల్లులలోను రేవులోను పనిచేసిన మన శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతపువారు అడవులవెంబడి నడచి తిరిగివచ్చినదియు ఆ సంవత్సరమే. అచట మారిషస్‌లో చెరకుతోటల యజమానులచే కొంతనేల తిండిపంటలకు విధిగా వేయించిరి. మొక్కజొన్నపిండి, కర్రపెండలము తిని జనులు రోజులు గడిపిరి. ఒకే మూతతో రెండు తీరముల తెలుగువారికిని అన్నము తప్పెను.

1982లో అచటి ప్రభుత్వము స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ అను సంస్థను స్థాపించెను. రేషన్ బియ్యమని పేరుబడిన తెల్లబియ్యమును, గోధుమపిండిని తెప్పించి, ప్రభుత్వము కొంత నష్టము భరించి తక్కువ ధరకు అమ్మించుట దాని పనులలో నొకటి. కలిగినవారు బాస్మతి కొందురు. కూలిజనము రేషన్ బియ్యము కొందురు. మొదట చెప్పిన నిషేధము దెబ్బ ఇట్టి బియ్యము తినువారిపైననే పడునది.

సహకారము అచట కొత్తది కాదు. పంతొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున తోటల యజమానులు నష్టములలోబడి తమ భూములను ముక్కలుగా అమ్మివేయగా, ఒప్పందము తీరిన భారతీయులు వానిని కొని చిన్న చెరకు రైతులైరి. పెట్టుబడికి మరల వడ్డీవర్తకుని గుమ్మమే గతియయ్యెను. మనదేశమున 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చిన తరువాత, 1913లో అచటను అట్టి చట్టము చేయబడి, చిన్న చెరకు రైతులకు పరపతి సంఘములు ఏర్పడెను. డబుల్ కట్ అనుభవించినవాని మనుమడు తన సంఘమున తానే వాటాదారుడయ్యెను.

ఇక మన వైపు సంగతి. నేషనల్ కోఆపరేటివ్ ఎక్స్‌పోర్ట్స్ సంస్థ 2023 జనవరి 25న రిజిష్టరు చేయబడినది. ప్రాథమిక సంఘము మొదలు పైస్థాయి సంఘములవరకు ఇందు సభ్యత్వము పొందవచ్చును. బియ్యమే గాక, 2023 డిసెంబరులో ఉల్లి యెగుమతిని నిషేధించిన పిమ్మటను ఇట్లే జరిగెను. 2024 ఫిబ్రవరిలో నాలుగు దేశములకు 54,760 టన్నుల ఉల్లిని అనుమతింపగా, అందు మారిషస్ భాగము 1,200 టన్నులు. తెల్లబియ్యముపై నిషేధము 2024 సెప్టెంబరు 28న తొలగింపబడెను. నిషేధము తొలగగానే ప్రైవేటు వర్తకులును తిరిగి ప్రవేశించిరి గావున, సహకార సంస్థకు ఆ యేడాది దక్కిన ప్రత్యేకస్థానము ఎల్లకాలము నుండునది కాదు.

కొందరు ఉత్సాహవంతులు మన ధాన్యము రేపే మారిషస్ పోవునని తలచెదరు. అట్లు కాదు. పదునాలుగువేల టన్నులనగా దేశపు ఎగుమతిలో మిక్కిలి చిన్నపాలు. అచటివారికి కావలసినది పొడవుగింజ, నూకశాతము తక్కువ, తేమ తగ్గిన సరకు. కల్లమునుండి తడితోనే మిల్లునకు తోలిన ధాన్యమునకు ఆ దారి తెరువబడదు. ఒక్కొక్కరు విడివిడిగా చేయలేని పనులు మూడున్నవి: ఒకే రకపు విత్తనము వేయుట, కలిపి ఎండబెట్టుట, కలిపి గోదాములో నుంచుట. ఇవి సంఘము చేయగలది. ఎగుమతి సంస్థలో వాటా తీసికొనుట దాని తరువాతి మాట. వాటా ధనమెంత, ఏ గిడ్డంగిలో అప్పగింపవలెను, ధర యెవరు నిర్ణయింతురు, సొమ్ము ఎన్ని దినములలో వచ్చును అను నాలుగు ప్రశ్నలను సభ్యులు రాబోవు సర్వసభ్య సమావేశమున కార్యదర్శి నడిగి, జవాబులను మినిట్సు పుస్తకమున వ్రాయింపవలయును.