బొరియకప్పకు పొలమున నెలవు

తొలకరి రాత్రి వినవచ్చు కప్పల బెకబెకలు సన్నగిల్లినవని పలువురు రైతులు మాతో చెప్పిరి. బోదురుకప్పల కాళ్ల ఎగుమతిని కేంద్రప్రభుత్వము 1987లో నిషేధించినది. చిన్నకప్పల కష్టము వేరు. గట్లను చెక్కి, పల్లపుమూలలు పూడ్చి, చేనంతయు చదును చేసిన పిమ్మట అవి యెక్కడ దాగును?

మేమిచట చెప్పునది నేలను త్రవ్వుకొని యుండు పొట్టి కప్పను గూర్చి. శాస్త్రజ్ఞులు దీనికి స్ఫేరోథీకా యని పేరిడిరి. వెనుకపాదముల అడుగున పారవంటి గట్టి కణితి యుండును. దానితో మట్టిని నెట్టుచు, వెనుకకు వెనుకకు దిగి భూమిలో మునిగిపోవును. వానలు పడగానే పైకివచ్చి, నిలిచిన నీటిలో గ్రుడ్లు పెట్టును. చెదలు, చీమలు, పురుగులు దీని యాహారము. మేలుచేయు పురుగు, కీడుచేయు పురుగు అని యెంచి తినదు. కావున కప్పలున్నచో పురుగుబాధయే యుండదని మేము బాసచేయజాలము.

పల్లపుమూల, కాలువదారికి దూరముగా, మోకాలిలోతు గుంట త్రవ్వి, అడుగున బంకమన్ను మెదుపవలెను. నెలన్నర నీరు నిలిచి, ఆపై ఎండిపోవుట మేలు. ఎండని గుంటలో చేపలు చేరి తోకకప్పలను మ్రింగును. గుంట ప్రక్కనే, నీరు నిలువని మెరకను, ఇసుకమన్నును మాగిన ఆకుయెరువును కలిపి మూరలోతున వదులుగా నింపి, పైని ఎండుటాకులు పరువవలెను. కానుగనీడ యున్న మరియు మంచిది.

మేము మొదట చేయించిన గుంటకు గోడలు నిట్టనిలువుగా కట్టి సిమెంటు పూయించితిమి. చూచుటకు ముచ్చటగా నుండెను. కాళ్లువచ్చిన పిల్లకప్పలు గోడ నెక్కజాలక, ఒక యుదయమున చచ్చి నీటిపై తేలియుండెను. ఆ చేని రైతు మమ్మేమియు ననలేదు. పలుగు తెచ్చి ఒక ప్రక్క గోడను తానే పగులగొట్టి, ఏటవాలుగా మన్ను పోసెను. నాటినుండి ఏటవాలు లేని గుంటను మేమెవరికిని చూపుట లేదు.

దోమల మాట కొందరడిగిరి. నిలువనీట దోమలు పుట్టవచ్చును. అందుచేతనే గుంట ఇండ్లకు దూరముగా నుండవలెను.

కప్ప నీటిని చర్మముతోనే పీల్చును, నీటిలోని విషమును గూడ. పురుగుమందు డబ్బాల నందు కడుగరాదు; మందునీరు అటు పారకుండ చిన్నకట్ట వేయవలెను.

పొరుగూరినుండి కప్పలను పట్టితెచ్చి విడువవలదు, తెగులు వెంట రావచ్చును. చోటు నచ్చిన తామే వచ్చును. వేసవిలో ఆ మూలకు నాగలినిగాని ట్రాక్టరునుగాని పోనీయకుడు; అప్పుడవి క్రిందనే యుండును.