ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను

ఆదివారం మా మందిరంలో గంట మూడుసార్లు మోగుతుంది. మొదటి గంటకు ఊళ్లో పొయ్యిల మీద కోడికూర ఎక్కుతుంది. రెండో గంటకు బీరువాలోంచి తెల్లచీర దిగుతుంది. మూడో గంటకు ఆరాధన మొదలవ్వాలి. ఆ వేళకు లోపల ఉండేది ఐదుగురు. అయ్యగారు, అమ్మగారు, గంట కొట్టిన తాత, కీబోర్డు వైర్ల చిక్కు తీస్తున్న కుర్రాడు, కోడలి మీద అలిగి పొద్దున్నే వచ్చి ముందు వరసలో కూర్చున్న మా పెద్దమ్మ. మొదటి పాట అయ్యేసరికి సగం చాపలు నిండుతాయి, ప్రసంగం మధ్యకొచ్చేసరికి మిగతా సగం. కానుకల సంచి కదిలే ముందు మాత్రం ఒకరిద్దరికి చంటిపిల్లల్ని బయటికి తీసుకెళ్లాల్సిన పని పడుతుంది.

ఇది గుంటూరు జిల్లాలో మా ఊరి సంగతి. ఖమ్మంలోనూ ఇంతేనని అక్కడి చుట్టాలు అంటారు. డల్లాస్‌లో తెలుగు సంఘానికి వెళ్లే మా మేనల్లుడైతే, అక్కడ గంట ఉండదు గానీ ఆలస్యం ఉంటుందని చెప్పాడు.

ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చి మొదలుపెట్టిన లూథరన్ మిషను చెట్టుకు మా మందిరం ఒక చిన్న రెమ్మ. పేరుకే రెమ్మ. ఇప్పుడు మా దగ్గర పాట లూథరన్‌ది, కేక పెంతెకొస్తుది, ఫ్లెక్సీ రాజకీయ పార్టీలది. ఉజ్జీవ సభల ఫ్లెక్సీల్లో ప్రసంగీకుల ఫొటోలు నిలువెత్తున ఉంటాయి, యేసుప్రభువు పైమూల తపాలా బిళ్లంత ఉంటాడు. ఈ ఒక్కటి మాత్రం నాకు నవ్వు తెప్పించదు. మిగతావన్నీ తెప్పిస్తాయి. ఆదివారపు బడిలో కంఠత వాక్యం రాక గోడకుర్చీ వేసినవాణ్ణి కాబట్టి ఆ మాత్రం చనువు ఉందనుకుంటున్నాను.

ఆలస్యం మాకు పుట్టుకతో వచ్చిన గుణమని మాత్రం అనకండి. 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ నీళ్లలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. భయంకరమైన కరువుకాలం అది. ఒంగోలు బాప్టిస్టు మిషను నడిపిన జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి పని చూపించాడు. బాప్తిస్మాలు ఇచ్చింది ఆరుగురు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున వంతులేసుకుని. సాయంత్రానికి పని పూర్తి. అదే ఆంధ్రదేశంలో నేడు క్రిస్మస్ షామియానా ఎవరికి చెప్పాలో తేల్చడానికి మా సంఘ కమిటీకి మూడు ఆదివారాలు పట్టింది.

నాలుగు ముగింపులు

మా దైవజనుల ప్రసంగానికి ముగింపులు నాలుగు. మొదటిది ‘చివరిగా’. అది వినగానే కొత్తవాళ్లు బైబిలు మూస్తారు, పాతవాళ్లు కాళ్లు మార్చుకుని కూర్చుంటారు. రెండోది ‘ఇక ముగిస్తున్నాను’. మూడోది ‘ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను’. అసలు ప్రసంగం ఉండేది ఇందులోనే. నాలుగోది ముగింపు ప్రార్థన. మేం సరిగ్గా వినలేదేమోనన్న అనుమానంతో, చెప్పిందంతా కళ్లు మూసుకుని దేవుడికి మొదటి నుంచి వినిపిస్తారు. ఇదే అయ్యగారు శుక్రవారం ఉపవాస ప్రార్థన మాత్రం ఒంటిగంటకు టంచనుగా ముగిస్తారు. ఉపవాసం విడవడానికి బయట పులిహోర సిద్ధంగా ఉంటుంది.

నడుమ నడుమ మాకూ పని పెడతారు. ‘హబక్కూకు రెండో అధ్యాయం తీయండి. తీసినవాళ్లు ఆమెన్ చెప్పండి’ అంటారు. హబక్కూకు మొత్తం మూడే అధ్యాయాలు, నహూముకీ జెఫన్యాకీ మధ్య రెండు కాగితాల్లో అంటుకుపోయి ఉంటుంది. అయినా ఆమెన్ హోరెత్తుతుంది. మా పెద్దమ్మ అందరికంటే గట్టిగా అంటుంది. ఆమె చేతిలో తెరిచి ఉన్నది కీర్తనల గ్రంథం. ‘మీ పక్కవాళ్ల వైపు తిరిగి, నీకు మంచిరోజులు వస్తున్నాయని చెప్పండి’ అనేది ఇంకో పని. ఒక ఆదివారం మా బాబాయి పక్కకు తిరిగేసరికి, పదేళ్లుగా పొలం గట్టు తగాదా నడుస్తున్న మనిషి కూర్చుని ఉన్నాడు. బాబాయి చెప్పాడు. ఆ గొంతు వింటే వకీలు నోటీసు చదివినట్టుంది.

సాక్ష్యాల సమయం వేరే. ‘మీ అందరికీ ప్రభువు నామంలో వందనాలు. రెండే రెండు మాటలు చెబుతాను’ అని మైకు అందుకున్న ఒక అక్క, మిరపకోతకు వెళ్లిన రోజు ఎక్కిన ఆటో నంబరు దగ్గర మొదలుపెట్టి, నలభై నిమిషాల తర్వాత జ్వరం తగ్గిన దగ్గరికి వచ్చింది. కుర్రాళ్లు గడియారం చూసుకున్నారు. నేను చూసుకోలేదు. ఆ అక్క తాత ఈ ఊరి రచ్చబండ ముందు చెప్పులు చేత్తో పట్టుకుని, తల వంచుకుని నడిచాడు. అక్కడ ఆయన్ని ఒక్క మాట మాట్లాడనిచ్చినవాళ్లు లేరు. ఆ మనవరాలి చేతికి మైకు వచ్చాక తొందరగా ఇచ్చెయ్యమని అడిగే మొహం నాకు లేదు.

వాడు, వచ్చెను, సెలవిచ్చెను

మా ఊరి ఆటో డ్రైవరు ఒకడున్నాడు. స్టాండులో అతని భాష అచ్చు వేయడానికి పనికిరాదు. మందిరంలో లేచి నిలబడి కళ్లు మూసుకున్నాడంటే చాలు, ‘ఈ దినమున నీ సన్నిధికి మమ్మును నడిపించినందుకై నీకు స్తోత్రములు చెల్లించుకొనుచున్నాము’ అంటాడు. ఒక్క సున్నా జారదు. చిన్నయసూరి వింటే పక్కన కూర్చోబెట్టుకునేవాడు.

దీనికో చరిత్ర ఉంది. 1805లో విశాఖపట్నంలో దిగిన లండన్ మిషనరీలు క్రాన్, డెగ్రాంజెస్ తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ సాయంతో సువార్తలు తెనిగించడానికి కూర్చున్నారు. 1812లో ఆ సువార్తలు సెరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ తర్వాత ఎందరు దిద్దినా, మా ఇళ్లలో ఉండే బైబిలు గ్రాంథికంలోనే నిలిచింది. గిడుగు రామమూర్తి వాడుకభాష కోసం పోరాడి పత్రికల్ని మార్చారు, పాఠ్యపుస్తకాల్ని మార్చారు. మా మందిరం గుమ్మం మాత్రం దాటలేకపోయారు. ‘ఏలయనగా’ అనే మాట తెలుగునేల మీద నేటికీ వారం వారం వినబడేది మా దగ్గరేనేమో.

బడి మొహం చూడని మా నాయనమ్మ చదవడం నేర్చింది ఆ పుస్తకం మీదే. అందుకే ఆమెకు పాలవాడు కూడా ‘వచ్చెను’.

ప్రార్థనలో ఇంకో సదుపాయం ఉంది, వార్తలు. ‘ప్రభువా, నీకు తెలుసు, ఫలానా సహోదరి కూతురికి సంబంధం కుదిరింది, అబ్బాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేరు, కట్నం దగ్గర కాస్త పేచీ వచ్చింది.’ ప్రభువుకు తెలుసు, నిజమే. తెలియనిది మాకు. ఆమెన్ అనేసరికి మాకూ తెలిసిపోతుంది. చిన్నప్పుడు మేం వెనక వరసలో కూర్చుని, ఒక్క ప్రార్థనలో ‘తండ్రీ’ అన్న మాట ఎన్నిసార్లు వస్తుందో పందేలు కాసేవాళ్లం. నూట ఆరు దాకా లెక్కపెట్టి, నవ్వాపుకోలేక దొరికిపోయాం. గోడకుర్చీ రెండోసారి అప్పుడే.

పేర్ల గురించి ఎంతైనా రాయొచ్చు గానీ ఒక్కటి చెప్పి వదిలేస్తాను. బైబిల్లో అబ్రహాముకు ఇస్సాకు పుట్టడానికి నూరేళ్లు పట్టింది. మా వీధి అబ్రహాముకు పెళ్లయిన ఏడాదికే పుట్టాడు.

పాటలకు మాత్రం పేర్లతో పనిలేదు, నంబర్లే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ప్రతి పాటకూ పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు దొరల బాణీలు పక్కనపెట్టి పల్లవి, అనుపల్లవి, చరణాలతో కట్టిన కీర్తనలు అందులో ఉన్నాయి. మా ప్యాడ్ కుర్రాడు వాటికి నిన్నకాక మొన్న విడుదలైన సినిమా దరువు తగిలిస్తాడు. ముందు వరస ముసలమ్మలు వాడి వైపు చూడను కూడా చూడరు. తమ తాతల నాటి నడకలోనే సాగదీస్తారు. రెండో చరణానికి ప్యాడే దిగొస్తుంది.

డబ్బా, కార్డు, సొరకాయ

కుడిచేయి చేసిన ధర్మం ఎడమచేతికి తెలియకూడదని క్రీస్తు చెప్పాడు. అందుకే మా కానుక సంచి లోతుగా ఉంటుంది, నోటు మడతలో వందో పదో ఎవరికీ తెలియదు. పోయిన ఏడాది కమిటీలోని చదువుకున్న కుర్రాళ్లు పల్పిటు పక్కన క్యూఆర్ కోడ్ అంటించి, దుకాణాల్లో మోగే డబ్బా కూడా తెచ్చిపెట్టారు. మొదటి ఆదివారం, అందరం తలలు వంచుకున్న నిశ్శబ్దంలో, ‘పది రూపాయలు అందాయి’ అంది డబ్బా. మూసుకున్న కళ్లన్నీ తెరుచుకుని వెనక్కి తిరిగాయి. తర్వాతి వారానికి క్యూఆర్ కోడ్ ఉంది, డబ్బా లేదు.

డిసెంబరు 31 అర్ధరాత్రి పళ్లెంలో వాగ్దానపు కార్డులు పెడతారు. తలా ఒకటి తీసుకోవాలి, ఆ వాక్యమే ఏడాదంతా మనది. నచ్చకపోతే మళ్లీ వరసలోకి వచ్చి ఇంకోటి తీసుకునే గడుసువాళ్లూ ఉన్నారు. పోయినసారి నాకు సంతాన వాగ్దానం వచ్చింది. నాకు యాభై ఆరేళ్లు. నేను నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు, తొంభై ఏళ్ల శారా గుర్తొచ్చి కార్డు లాక్కుని పర్సు అడుగున దాచింది.

ఏడాదిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది కోత పండుగ. ఆ రోజు మందిరంలో రెండు రకాల పాటలు. ఒకటి దేవుడికి, రెండోది వేలానికి. ఎవరి చేలో, ఎవరి పెరట్లో ఏది పండితే అది తెస్తారు. గుమ్మడికాయలు, అరటిగెల, చేటనిండా బెండకాయలు, గంపకింద నాటుకోడి పుంజు, పొలం లేని టీచరమ్మ చేసిన కేకు. పోయినేడు ప్రసంగం మధ్యలో గంపకింద పుంజు కూసింది. అయ్యగారు ఆగి, మావైపు తేరిపార చూసి, ‘ఇక్కడ పేతురు ఎవరయ్యా?’ అన్నారు. ఆయన ప్రసంగాల్లో నాకు పూర్తిగా గుర్తున్న వాక్యం అదొక్కటే.

ఆరాధన కాగానే కోశాధికారి సొరకాయ పైకెత్తి పాట మొదలుపెట్టాడు. సంతలో ముప్పై రూపాయల కాయ. బావ వంద అన్నాడు, బావమరిది నూటయాభై అన్నాడు. వాళ్లిద్దరికీ మాటలు లేవని ఊరంతటికీ తెలుసు, కోశాధికారికి ఇంకా బాగా తెలుసు. అందుకే ఇద్దరి మధ్యలో నిలబడి కాయను అటొకసారి ఇటొకసారి తిప్పాడు. పదిహేను వందల దగ్గర బావ గెలిచాడు. గెలిచి, ‘ఇది దేవుడికే, మళ్లీ పాడండి’ అని తిరిగిచ్చేశాడు. రెండోసారి పంతానికి బావమరిది పాడుకున్నాడు. అతనూ తిరిగిచ్చాడు. మూడోసారి ఎనిమిది వందలకు మా పెద్దమ్మ పాడుకుంది, అయ్యగారింటికి పంపింది. మందిరం కప్పు మరమ్మతుకు ఆ ఒక్క సొరకాయే మూడు వేల ఎనిమిది వందలు తెచ్చింది. సోమవారం దాన్ని పప్పులో వేశామని అమ్మగారు చెప్పారు.

ఈసారి కోత పండుగకు మీరూ రండి. మతం ఎవరూ అడగరు, భోజనం చేశారా అని మాత్రం అడుగుతారు. వేలం నడుస్తున్నప్పుడు ఎవరైనా ‘హల్లెలూయా’ అన్నా మీరు చేయి పైకెత్తకండి. పోయినేడు విజయవాడ నుంచి వచ్చిన చుట్టం ఒకాయన పరవశంలో అలాగే ఎత్తాడు. పన్నెండు వందలకు ఆ పుంజు ఆయనకు ఖాయమైంది. సాయంత్రం బస్సులో కండక్టరు దానికి వేరే టికెట్టు కొట్టాడు.