మన్యం జ్వరం.. సిపాయిలకు మృత్యుపాశం

రంపచోడవరం: ఆంగ్లేయుల కొలువులో రంప మన్యానికి వచ్చిన పరాయి ప్రాంతాల సిపాయిలకు పితూరీదారుల తుపాకుల కన్నా చలిజ్వరమే పెద్ద శత్రువైంది. ఆ జ్వరం ఎలా వస్తుందో నాడు సిపాయికే కాదు, వైద్యుడికీ తెలియదు.

1879 మార్చిలో చోడవరంలో పితూరీ మొదలైంది. కల్లుపై చిగురుపన్ను, మన్సబుదారు వసూళ్లు, మైదాన వర్తకుల అప్పుల వ్యాజ్యాలు ముఠాదారులను, కొండ రైతులను తిరుగుబాటుకు పురికొల్పాయి. అది గొలుగొండ కొండలకు, భద్రాచలం తాలూకాకు పాకింది. దాంతో మద్రాసు ప్రభుత్వం వందలాది పోలీసులకు తోడు ఆరు పదాతి పటాలాలను, ఒక అశ్విక దళాన్ని, రెండు సాపర్స్ అండ్ మైనర్స్ కంపెనీలను, హైదరాబాద్ కంటింజెంట్ పటాలాన్ని దించింది. విల్లంబులు, నాటు తుపాకులు పట్టిన కొండవారిపై ఇంత సైన్యమా అనిపించడం సహజమే. అయితే దారులు లేని అడవి, దానికి తోడైన జ్వరం ఆ బలగాన్ని సగం నిర్వీర్యం చేశాయి.

చెడుగాలి వల్లే జ్వరం వస్తుందని నాటి వైద్యుల నమ్మకం. మలేరియా అన్న ఇటాలియన్ మాటకు అర్థమూ అదే. నీరున్న చోటే దండు విడిది చేయాలి. మన్యంలో జ్వరాన్ని మోసే అనాఫిలిస్ దోమల్లో ఒక జాతి పెరిగేది సరిగ్గా ఆ కొండవాగుల్లోనే. కుట్టిన వారం, రెండు వారాలకు గానీ జ్వరం బయటపడదు. అందుకే వాగుపై ఎవరికీ అనుమానం రాలేదు. క్వినైన్ అప్పటికే వాడుకలో ఉన్నా, దోమను అడ్డుకోవాలన్న ఆలోచనే లేనప్పుడు మందు ఎంతవరకు కాపాడుతుంది?

మన్యం వారికి జ్వరం సోకదన్నది అపోహ. పసితనంలోనే పదేపదే సోకి ఎందరో బిడ్డలు రాలిపోగా, బతికినవారికి కొంత నిరోధకశక్తి అబ్బుతుంది. పరాయి ప్రాంతపు సిపాయికి ఆ రక్షణ లేదు.

పితూరీ నాయకుడు ద్వారబంధాల చంద్రయ్య 1880 ఫిబ్రవరిలో హతమయ్యాడు. అదే ఏడాది నవంబరులో అల్జీరియాలో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ రోగి రక్తంలో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. అది దోమలో పెరుగుతుందన్న ఆధారం సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్‌కు చిక్కింది 1897 ఆగస్టు 20న. రంప సిపాయిలకు అది పద్దెనిమిదేళ్లు ఆలస్యం. 1922–24లో అల్లూరి సీతారామరాజుపైకి మలబారు పోలీసులను, అస్సాం రైఫిల్స్‌ను పంపేనాటికి సర్కారుకు దోమ సంగతి తెలుసు.

మద్రాసు సిపాయి కుటుంబం సాధారణంగా పటాలం వెంటే తిరిగేది. యుద్ధానికి వెళ్లినప్పుడు ఆలుబిడ్డలు పటాలం నివాసాల్లోనే ఉండిపోయేవారు. దొరల సమాధులపై పేరు, హోదా, తేదీ చెక్కిన రాళ్లు నిలిచాయి. జ్వరంతో పోయిన సిపాయిని అడవి దారి పక్కన పూడ్చినా, కాల్చినా అలాంటి రాయి దక్కడం అరుదు.