క్లౌడ్ వర్చువల్ మెషీన్లలో ఆపరేటింగ్ సిస్టము నిర్వహణ

క్లౌడ్ సంస్థల నుండి అద్దెకు తీసుకునే వర్చువల్ మెషీన్లలో ఆపరేటింగ్ సిస్టమును ఎప్పటికప్పుడు సరిదిద్దవలసిన బాధ్యత అద్దెకు తీసుకున్నవారిదే. భవనము, విద్యుత్తు, అసలు కంప్యూటరు, దానిని పలు వర్చువల్ మెషీన్లుగా విభజించే హైపర్‌వైజరు సంస్థ పరిధిలోకి వస్తాయి. ఈ విభజనను "ఉమ్మడి బాధ్యత" పద్ధతి అంటారు. పేరులో ఉమ్మడి అని ఉన్నా, ఆపరేటింగ్ సిస్టము విషయంలో ఉమ్మడి చాలా తక్కువ.

కారణము

2006లో మొదలైన అమెజాన్ ఈసీ2 వంటి సేవలలో మెషీను పూర్తి అధికారము ఖాతాదారుకే దక్కుతుంది. కెర్నలు మారిస్తే సాధారణంగా మెషీనును పునఃప్రారంభించాలి. అందులో నడుస్తున్న అప్లికేషను దానికి తట్టుకుంటుందో లేదో సంస్థకు తెలియదు. సంస్థలు తమ మెషీను ఇమేజిలను నవీకరిస్తూనే ఉంటాయి. కాని ఆ మార్పులు కొత్తగా ప్రారంభించే మెషీన్లకే వర్తిస్తాయి, అప్పటికే నడుస్తున్నవాటికి కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

మెల్ట్‌డౌన్, స్పెక్టర్

2018 జనవరిలో ప్రాసెసర్లలోని ఈ లోపాలు బయటపడినపుడు క్లౌడ్ సంస్థలు తమ హైపర్‌వైజర్లను సరిచేశాయి. దానితో ఒక ఖాతాదారు సమాచారము మరొకరికి చిక్కకుండా రక్షణ ఏర్పడింది. అయితే ఒకే మెషీను లోపల ఒక ప్రోగ్రాము కెర్నలు మెమొరీని చదవకుండా ఆపాలంటే ఆ మెషీనులోని ఆపరేటింగ్ సిస్టమును కూడా నవీకరించాలి. ఆ పని ఖాతాదారులే చేసుకోవలసి వచ్చింది.

ఓమీగాడ్ వివాదము

2021 సెప్టెంబరులో విజ్ అనే భద్రతా సంస్థ మైక్రోసాఫ్ట్ అజూర్‌లో ఈ లోపాన్ని వెల్లడించింది. కొన్ని అజూర్ సేవలను ఎంచుకుంటే లినక్సు మెషీన్లలో ఓఎంఐ అనే ఏజెంటు ప్రోగ్రాము దానంతట అదే చేరేది. అది ఉన్నట్లే చాలామందికి తెలియదు. సంబంధిత పోర్టు బయటికి తెరిచి ఉంటే, సంకేతపదము లేకుండానే ఎవరైనా రూట్ అధికారము పొందగలిగేవారు. లోపము తీవ్రత 10కి 9.8గా లెక్కించారు. ప్రోగ్రామును చేర్చినది సంస్థ. అనేక సందర్భాలలో దిద్దుకోవలసినది మాత్రము ఖాతాదారు. విమర్శలు సహేతుకమైనవే. సరిహద్దు గీత ఎంత స్పష్టంగా ఉన్నా, సంస్థ తానే దానిని దాటి ప్రోగ్రామును పెట్టినపుడు ఏమి చేయాలో ఆ పద్ధతి చెప్పలేదు.

మద్దతు ముగిసిన సిస్టములు

సెంటాస్ 7కు 2024 జూన్ 30తో నవీకరణలు ఆగిపోయాయి. అటువంటి మెషీను ఆగిపోదు, అద్దె యథావిధిగా పడుతుంది. కొత్త లోపాలకు సవరణలు మాత్రము రావు.

మినహాయింపులు

అమెజాన్ ఆర్‌డీఎస్ వంటి డేటాబేసు సేవలలోను, లాంబ్డాలోను ఆపరేటింగ్ సిస్టమును సంస్థే చూసుకుంటుంది. అజూర్ వర్చువల్ మెషీన్లలో కూడా స్వయంచాలక నవీకరణ సౌకర్యము ఉన్నది, కాని దానిని ఎంచుకోవలసినది ఖాతాదారే.