మీకు తెలుసా? మన రొయ్య దారి మార్చుకుంటూ వచ్చింది

భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన రొయ్య అమెరికాలో ఎవరి కంచంలోకో చేరాలంటే ఎన్నో చేతులు మారాలి. ఎక్కడ అడ్డంకి వస్తే అక్కడ కొత్త దారి వెతుక్కుంటూ నిలబడిన వ్యాపారం ఇది.

◆ మనం పెంచే వనామి రొయ్య మన నేలది కాదు. దాని పుట్టిల్లు లాటిన్ అమెరికాలోని పసిఫిక్ తీరం. 1990లలో తెల్లమచ్చ వైరస్ మన టైగర్ రొయ్యను ఊడ్చేసింది. చెరువులు వదులుకున్న రైతులు ఎందరో! 2009లో వనామి పెంపకానికి అనుమతి వచ్చాక మళ్లీ ఊపిరి పోసుకున్నారు. హవాయి, ఫ్లోరిడా వంటి చోట్ల నుంచి తల్లి రొయ్యలు ఆక్సిజన్ నింపిన నీళ్ల సంచుల్లో విమానమెక్కి వస్తాయి. చెన్నై నీలాంగరైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలయ్యాకే హేచరీలకు వెళ్తాయి. అక్కడ వాటికి పుట్టిన పిల్లలే రైతు కొనే ‘సీడ్’.

◆ ధర తేల్చేది కౌంట్, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. 100 కౌంట్ చిన్నవి, 30 కౌంట్ పెద్దవి. అంకె తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. పట్టుబడి రోజు గట్టు మీద నిలబడి చూడాలి: వల లాగడం, ట్రేల్లో పోయడం, ఆ వెంటనే ఐసు. ఐసు ఆలస్యమైతే రొయ్య తల దగ్గర నల్లబడటం మొదలవుతుంది, రేటు పడిపోతుంది. రాత్రీ పగలూ నీటికి గాలి అందించే ఏరేటర్లు తిప్పి కాపాడుకున్న పంట విలువ ఆ కాసేపట్లో తేలిపోతుంది.

◆ మనతో పోటీపడే ఈక్వెడార్ తన రొయ్యను ఎక్కువగా తలతోనే చైనాకు అమ్ముతుంది. మనవాళ్లు ఒలిచి, నరం తీసి, గడ్డకట్టించి అమెరికాకు పంపుతారు. ప్లాంట్లలో ఆ ఒలిచే పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. పోటీలో మన అసలు బలం వాళ్ల చేతుల్లోనే ఉందని నా నమ్మకం. వాళ్ల కూలి గురించి మాత్రం మాట్లాడేవాళ్లు తక్కువ.

◆ 2016లో యూరప్ మన సరుకులో తనిఖీ చేసే వాటాను 10 నుంచి 50 శాతానికి పెంచింది. యాంటీబయాటిక్ అవశేషాలే కారణం. ఆ అవశేషాలు లేవని తేల్చుకోవడానికే యూరప్‌కు వెళ్లే రొయ్యకు పట్టుబడికి ముందే ల్యాబ్ పరీక్ష చేయిస్తారు.

◆ ఒలిచిన పెంకులూ వృథా కావు. వాటి నుంచి తీసే కైటోసాన్ మందుల తయారీకీ నీటి శుద్ధికీ పనికొస్తుంది.

◆ 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఎగుమతిదారులు యూరప్, చైనా, ఆస్ట్రేలియా మార్కెట్ల వైపు చూశారు. వాళ్లకు దారి మార్చుకునే వీలుంది. చెరువులో రొయ్య ఎదిగిపోయిన రైతుకు ఆ వీలు లేదు. పట్టాల్సిందే, వచ్చిన ధరకు ఇవ్వాల్సిందే.

ఆ రైతుకు అన్నింటికన్నా దగ్గరి మార్కెట్ మన వంటిల్లే. ఈ ఆదివారం చికెన్ బదులు ఒక కిలో రొయ్యలు తెచ్చి వండండి.