కాలేజీ దారి ఎనిమిదో తరగతిలోనే మొదలు

ఊరిబడి పిల్లలకున్న అవకాశాలు తెలియక చేజారుతున్నాయి

ఒంగోలు: సంక్రాంతి పండుగ వెళ్ళిందంటే చాలు, ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లోకి మోటారు సైకిళ్ళ మీద కొత్తమనుషులు వస్తారు. చేతిలో రంగురంగుల కరపత్రాలు, సంచిలో రసీదు పుస్తకం. ప్రైవేటు జూనియర్ కాలేజీల తరఫున సీట్లు నింపేవారు వీరు. ఏ ఇంట్లో పదో తరగతి పిల్లలున్నారో వీరికి ముందే తెలుసు. పబ్లిక్ పరీక్షలకు ఇంకా రెండు నెలలు ఉండగానే, ఇప్పుడు కొంత కడితే ఫీజులో రాయితీ ఇస్తామంటారు. ఆలస్యమైతే సీటు దొరకదంటారు. పొగాకు ఇంకా వేలం కేంద్రానికి చేరకముందే తండ్రి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి అడ్వాన్సు కట్టేస్తాడు.

ఊరి జిల్లా పరిషత్ హైస్కూలులో చదివినందుకే ఆ పిల్లవాడికి దక్కగల అవకాశాలు కొన్ని ఉన్నాయి. వాటి సంగతి చెప్పడానికి మాత్రం మోటారు సైకిలు మీద ఎవరూ రారు. ప్రధానోపాధ్యాయుని బల్ల మీదికి ఒక సర్క్యులరు వస్తుంది. ఒక గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీ దాటితే అంతే.

పట్నానికి ఆనుకుని ఉన్న హైస్కూళ్ళలో ఈ నష్టం మరీ ఎక్కువ. కాస్త కలిగినవారి పిల్లలు బడి గేటు ముందునుంచే పసుపుపచ్చ బస్సుల్లో పట్నం వెళ్ళిపోతారు. సైకిళ్ళ మీద, ఆటోల్లో ఈ బడికి చేరేది చాలావరకు కౌలు రైతుల, కూలీల పిల్లలు. కాలేజీ మెట్లు ఎక్కబోయే మొదటి తరం వీరిదే. అడిగి తెలుసుకుందామంటే ఇంట్లో ఆ దారి నడిచినవారు లేరు. ఉపాధ్యాయుల్లో చెప్పేవారుంటే సరి, లేకుంటే ఆ ఏడు పిల్లల అదృష్టం అంతే.

నలభై ఎనిమిది వేల పరీక్ష

కేంద్ర ప్రభుత్వం 2008లో ప్రారంభించిన ఎన్.ఎం.ఎం.ఎస్. ఉపకార వేతనం సంగతే చూద్దాం. దీని పరీక్ష ఎనిమిదో తరగతిలో ఉంటుంది. ఎంపికైనవారికి తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు ఏడాదికి 12,000 రూపాయల చొప్పున ఇస్తారు. నాలుగేళ్ళకు 48,000. దేశం మొత్తం మీద ఏటా ఇచ్చేవి లక్ష. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బళ్ళలో చదివేవారికే ఇది వర్తిస్తుంది. ప్రైవేటు బడి పిల్లలకు గానీ, నవోదయ వంటి హాస్టలు బళ్ళ వారికి గానీ లేదు. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించకూడదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి. షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 50 శాతం చాలు.

పరీక్షలో రెండు భాగాలు, ఒక్కొక్కటి 90 మార్కులు. ఒకటి తర్కానికి సంబంధించినది. వరుసలో తరువాత వచ్చే అంకె ఏది, బొమ్మలో తేడా ఏది అన్నట్లుంటుంది. రెండోది ఏడు, ఎనిమిది తరగతుల పాఠాల మీద. పాఠాలు బాగా వచ్చిన పిల్లవాడు కూడా మొదటి భాగంలో తడబడతాడు. అటువంటి ప్రశ్న బడిలో ఎప్పుడూ చూసి ఉండడు. పాత ప్రశ్నపత్రాలు నాలుగు చేయించినా ఈ బెరుకు తీరుతుంది.

చిక్కు ఎక్కడంటే, దరఖాస్తులు వచ్చేది వానాకాలంలో. ఇంటిల్లిపాదీ పొలం పనుల్లో ఉంటారు. ఆదాయ ధ్రువపత్రం కోసం సచివాలయానికి వెళ్ళే తీరిక ఎవరికీ ఉండదు. ఎంపికైన తర్వాత కూడా ఇంకొక చిక్కుంది. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చేయించాలి, ఏటా రెన్యువల్ చేయించాలి. పరీక్ష గెలిచి ఈ రెన్యువల్ దగ్గర డబ్బు పోగొట్టుకున్న పిల్లలు ఉన్నారు. పదో తరగతిలో 60 శాతం, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 55 శాతం మార్కులు వస్తేనే ఇంటర్‌లో ఇది కొనసాగుతుంది. ఈ మాట కూడా చాలామందికి తెలియదు.

ఈ జిల్లాకు ఎవరి పేరు పెట్టుకున్నామో ఆ టంగుటూరి ప్రకాశం పంతులుగారి చదువు కూడా పరీక్ష ఫీజు దగ్గరే ఆగిపోబోయింది. మూడు రూపాయలు పుట్టక, ఒంగోలులో పూటకూళ్ళు పెట్టి కుటుంబాన్ని పోషిస్తున్న తల్లి తన పట్టుచీర తాకట్టు పెట్టవలసి వచ్చింది. ఈనాడు ఎన్.ఎం.ఎం.ఎస్. డబ్బుకు తాకట్టు అక్కరలేదు. వేళకు ఒక కాగితం కావాలి.

బడి మారిస్తే ఇరవై నాలుగు మార్కులు

తొమ్మిదిలోనో పదిలోనో పిల్లవాణ్ణి ఊరిబడి మాన్పించి పట్నం ప్రైవేటు బడిలో వేయడం ఇప్పుడు రివాజయింది. పదిలో మార్కులు బాగా వస్తాయని ఆశ. దీనివల్ల ఏమి పోతుందో లెక్క చూసుకున్నవారు తక్కువ.

పల్లె పిల్లల కోసం 2008లో చట్టం చేసి రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం స్థాపించారు. జనం ట్రిపుల్ ఐటీ అంటారు. మొదట బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో పెట్టారు. రాష్ట్ర విభజన తర్వాత బాసర తెలంగాణకు వెళ్ళింది. 2016లో ఒంగోలు, శ్రీకాకుళం చేరాయి. పదో తరగతి కాగానే తీసుకుని రెండేళ్ళు ఇంటర్‌తో సమానమైన చదువు, ఆపైన నాలుగేళ్ళు ఇంజనీరింగు చెబుతారు. మధ్యలో మళ్ళీ ప్రవేశ పరీక్ష లేదు. సీటు పదో తరగతి మార్కులను బట్టే ఇస్తారు. కరోనా వల్ల పది పరీక్షలు జరగని 2020, 2021 సంవత్సరాల్లో మాత్రం వేరే పరీక్ష పెట్టవలసి వచ్చింది.

అసలు సంగతి ఇది. హాస్టలు లేని ప్రభుత్వ, జిల్లా పరిషత్, మునిసిపల్ బడిలో చదివినవారికి మార్కులు అదనంగా కలుపుతారు. గ్రేడ్లున్న రోజుల్లో 0.4 పాయింటు కలిపేవారు. మార్కుల విధానం వచ్చాక ఆంధ్రప్రదేశ్‌లో 4 శాతం కలుపుతున్నారు. ఆరు వందలకు ఇరవై నాలుగు మార్కులన్నమాట. ఊరిబడిలో 550 తెచ్చుకున్న అమ్మాయి, ప్రైవేటు బడిలో 570 తెచ్చుకున్న అబ్బాయి కంటే జాబితాలో ముందుంటుంది. వేలకు వేలు పోసి బడి మార్చిన తండ్రి ఈ ఇరవై నాలుగూ వదులుకుంటున్నాడు. పది మొదటిసారి రాసినప్పుడే పాసై ఉండాలన్న నియమం కూడా ఉంది.

పట్నం పక్క ఊళ్ళవారు ఇంకొక సంగతి గమనించాలి. ఒంగోలు 2012లో నగరపాలక సంస్థ అయినప్పుడు కొప్పోలు, పెళ్ళూరు, త్రోవగుంట వంటి గ్రామాలు అందులో కలిశాయి. ట్రిపుల్ ఐటీ అదనపు మార్కులకు దీనివల్ల ఇబ్బంది లేదు, మునిసిపల్ బడికీ అవి ఉన్నాయి. అయితే వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి పాలిటెక్నిక్ డిప్లొమాకు, బి.ఎస్సీ. అగ్రికల్చర్‌లో రైతు కోటాకు పల్లెలో కనీసం నాలుగేళ్ళు చదివినట్లు చూపాలి. రైతు కోటాకు పొలం కాగితాలూ కావాలి. పురపాలక పరిధిలో చదివిన ఏళ్ళు ఈ లెక్కలోకి రావు. చుట్టూ పొలాలే ఉన్నా కాగితం మీద అది పట్నమే. అలాంటి ఊళ్ళ పిల్లలు ఏ ఏడు ఏ బడిలో చదివారో స్టడీ సర్టిఫికెట్లు ముందే తీసి చూసుకోవడం మంచిది.

మూడేళ్ళ చదువును చిన్నచూపు చూడకండి

ఇంటర్ లేకుండా ఇంజనీరింగుకు వెళ్ళే దారి పాలిటెక్నిక్. పాలిసెట్ ప్రశ్నలన్నీ పదో తరగతి పాఠాల్లోవే. మొత్తం 120. లెక్కలు 50, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 30. తప్పు రాస్తే మార్కులు కోయరు. 36 వస్తే అర్హత. షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఆ కనీసం కూడా లేదు. ఒంగోలులోనే డి.ఎ. ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. మూడేళ్ళ డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి నేరుగా బి.టెక్. రెండో సంవత్సరంలో చేరవచ్చు. పద్దెనిమిదేళ్ళకు చేతిలో ఒక పని ఉంటుంది, పై చదువు దారీ మూసుకుపోదు. ఇంత ఉన్నా మన ఊళ్ళలో డిప్లొమా అంటే ఇంటర్ చదవలేనివారి చదువన్న అభిప్రాయం పోలేదు. అది సరికాదు.

ఇంటర్ చదవాలనుకునేవారికి ప్రభుత్వ గురుకుల జూనియర్ కాలేజీలు ఉన్నాయి. వీటి ప్రవేశ పరీక్ష 150 మార్కులకు ఉంటుంది. ఎం.పి.సి. వారికి ఇంగ్లీషు, లెక్కలు, భౌతిక రసాయన శాస్త్రాలు. ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాల్లో చాలాచోట్ల ఇంటర్ ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవారికి పల్లెవెలుగు బస్సుల్లో టిక్కెట్టు లేదు. కాబట్టి పట్నం ప్రభుత్వ జూనియర్ కాలేజీకి పంపడానికి బస్సు చార్జీ ఇక అడ్డం కాదు. సాయంత్రం చివరి బస్సు ఏ వేళకన్నదే తల్లిదండ్రుల బెంగ.

చాయిస్‌లో వదిలిన పాఠం

ఇక చదువు సంగతి. పదిలో ఎలాగైనా పాస్ చేయించాలని పొద్దున, సాయంత్రం స్టడీ అవర్లు పెడుతున్నారు. మంచిదే. అయితే కొన్ని బళ్ళలో వెనుకబడిన వారి కోసం వేసుకున్న ప్రణాళికే అందరికీ నడుస్తోంది. వచ్చే ప్రశ్నలు గుర్తుపెట్టించి, త్రికోణమితి వంటి పాఠాలను చాయిస్‌లో వదిలేయమంటున్నారు. పదికి ఆ ఎత్తు పనికివస్తుంది. జూన్‌లో ఎం.పి.సి.లో చేరగానే ఆ త్రికోణమితే ఎదురవుతుంది. లెక్చరరు దానిని పిల్లలకు వచ్చిన పాఠంగానే భావించి ముందుకు పోతాడు. దసరా నాటికి కుర్రవాడు లెక్కలంటే భయపడి ఇంటిదారి పడతాడు. తెలివి లేక కాదు, ఒక పాఠం లేక.

భాష ఇంకొక అడ్డు. ఊరిబడిలో త్వరణం అని నేర్చుకున్న పిల్లవాడికి కాలేజీలో యాక్సిలరేషన్ అంటే కొత్త సంగతేదో చెబుతున్నట్లుంటుంది. ద్రవ్యవేగం, మొమెంటమ్ ఒకటేనని చెబితే చటుక్కున తెలుసుకుంటాడు. ఇప్పటి పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. రోజుకు అయిదు మాటలు రెండు పేజీలూ కలిపి చదివి నోటుబుక్కులో రాసుకుంటే కాలేజీ నాటికి ఈ బెదురు ఉండదు. దీనికి ట్యూషను అక్కరలేదు.

పేరులో అక్షరం తేడా

ఇన్ని చేసినా కాగితాల దగ్గర ఆగిపోయేవారు ఏటా ఉంటున్నారు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, బడి రిజిస్టరులో వెనుక. ఒకచోట వెంకటేశ్వర్లు, ఇంకొకచోట వెంకటేశ్వరరావు. బ్యాంకు ఖాతాలో మూడోరకం. ఉపకార వేతనం ఇక్కడే ఆగుతుంది, కౌన్సెలింగులో ఇక్కడే వెనక్కి పంపుతారు. పదో తరగతి సర్టిఫికెట్టులో పడిన పేరు, పుట్టినతేదీ జన్మంతా నడుస్తాయి. తరువాత దిద్దించాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి.

పది పరీక్షలకు ముందు బడి నుంచి నామినల్ రోల్సు పంపుతారు. దిద్దించుకోవడానికి అదే తేలికైన సమయం. ఆ తేదీ ఎప్పుడో ప్రధానోపాధ్యాయుణ్ణి అడిగి, తల్లో తండ్రో ఒక పూట పని మానుకొనైనా ఆధార్ కార్డు, పుట్టినతేదీ పత్రం, బ్యాంకు పుస్తకం పట్టుకుని బడికి వెళ్ళాలి. చదువు రానివారు చదవగలిగిన వారినెవరినైనా వెంట తీసుకువెళ్ళి, అక్షరం అక్షరం సరిచూసుకున్నాకే సంతకమో వేలిముద్రో వేయాలి.